తిండి చిత్తూరులో, బీరు బెంగళూరులో: మా వైపు వీకెండ్ రౌండ్లపై నా రివ్యూ

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల శని ఆదివారాల్లో ఫ్రెండ్స్‌తో కూర్చుని బాగా తిని, ఒక మంచి బీరు తాగాలంటే ఎక్కడికి పోవాలని నన్ను చాలామంది అడుగుతుంటారు కాబట్టి ముందే తేల్చి చెప్పేస్తా. తిండికి చిత్తూరు. బీరుకు బెంగళూరు. రెండూ ఒకేసారి ముందుండాలంటే మీ ఇంటి మిద్దె. తిరుపతిలో నేను చూసిన బార్ అండ్ రెస్టారెంట్లలో చాలావాటికి ఐదుకు రెండు మార్కులు కూడా ఇవ్వలేను, ఎందుకో కింద రాస్తా.

ముందు తిండి సంగతి. చిత్తూరు దాటి బంగారుపాళ్యం వైపు పోతుంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు హోటలుంది. బోర్డు మీద పేరుండదు, 'రాగి సంగటి, నాటుకోడి' అని మాత్రం ఎర్ర పెయింట్‌తో రాసుంటుంది. నాలుగు బల్లలు, చేతులు కడుక్కోవడానికి బయట ఒక డ్రమ్ము, లోపల కట్టెల పొయ్యి. వంట చేసే అక్క, వడ్డించే వాళ్ళాయన, అంతే మనుషులు. మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టి మూడింటికల్లా గిన్నెలు ఖాళీ చేసేస్తారు. నేను ఈ జిల్లాలో సంగటి తిన్న చోట్లన్నిట్లో ఇదే నంబర్ వన్, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

సంగటి అందరూ చేస్తారు, కానీ హోటళ్ళలో ఎక్కువగా ఏం జరుగుతుందంటే పొద్దునే ఒకేసారి కలిపి ముద్దలు చేసి హాట్‌బాక్సులో పెట్టేస్తారు, రెండు గంటలయ్యేసరికి పైన పొర గట్టిపడి లోపల జిగురుగా తయారవుతుంది. ఇక్కడ అక్క విడతలు విడతలుగా చేస్తుంది. బియ్యం మెత్తగా ఉడికి నీళ్ళు తెర్లుతున్నప్పుడు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి కదపకుండా వదిలేస్తుంది, ఆ పిండి అట్లాగే ఆవిరికి ఉడకాలి. ఆ తర్వాతే తెడ్డు తీసుకుని, గిన్నెను రెండు కాళ్ళ మధ్య కదలకుండా పట్టుకుని, ఒక్క ఉండ కూడా మిగలకుండా గెలుకుతుంది. తడి చేత్తో ముద్ద చేసి తట్టలో పెట్టినప్పుడు అది నున్నగా మెరుస్తుంటుంది. నడుమ బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోస్తారు. తొందరపడి దాన్ని నమలొద్దు, చిన్నగా తుంచి పులుసులో ముంచి మింగేయాలి. బయట ఊళ్ళ నుంచి వచ్చిన ఫ్రెండ్స్‌కు ఈ ముక్క ముందే చెప్పకపోతే పళ్ళకు అంటుకుంటుందని పక్కన పెట్టేస్తారు.

నాటుకోడి పులుసు ఇంకా పెద్ద సంగతి. కోడిని కాల్చి, పసుపు రాసి కడిగి, తోలుతోనే కోస్తారు. బ్రాయిలర్ ముక్క ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది, ముదురు నాటుకోడికి గంట దాటినా పట్టొచ్చు, అందుకే కుక్కర్లో నాలుగు విజిల్స్ పెట్టి దించేసే హోటళ్ళలో ముక్కకు మసాలా పట్టదు. ఇక్కడ కట్టెల మంట మీద నిదానంగా ఉడుకుతుంది. ధనియాలు, ఎండుమిర్చి, గసగసాలు, కొబ్బరి, కొంచెం చెక్కా లవంగం, అన్నీ వేయించి నూరిన వాసన రోడ్డు దాకా వస్తుంది. పులుసు పలుచగానే ఉంటుంది. కొంతమంది దాన్ని నీళ్ళ పులుసు అంటారు, నేను ఒప్పుకోను, సంగటిలోకి చిక్కటి గ్రేవీ పనికిరాదు, అది ముద్ద మీదే కూర్చుండిపోతుంది, పలుచటి పులుసైతేనే ముద్ద తడిసి గొంతులోకి జారుతుంది. పక్కన ఊరుబిండి పెడతారు. చెనిక్కాయలు పచ్చిమిర్చితో కచ్చాపచ్చాగా నూరింది, పూర్తిగా మెత్తగా ఉండదు, అక్కడక్కడ పలుకు తగులుతుంది. ఆయన బల్ల దగ్గరికొచ్చి 'ఇంగొక ముద్ద ఏసేదా నా?' అని అడిగితే వద్దని చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆదివారం తలకాయ కూర, బోటీ కూడా ఉంటాయి, బోటీ మాత్రం ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది, శుభ్రం విషయంలో ఫిర్యాదు లేదు గానీ ఉప్పు ఎక్కువ తక్కువలు అవుతుంటాయి.

మరి ఇక్కడ బీరు? దొరకదు, తెచ్చుకోనివ్వరు కూడా. గోడ మీద 'మందు తాగరాదు' అని రాసి ఉంటుంది, ఆ మాట మీదే నిలబడతారు. ఆడవాళ్ళు, పిల్లలు, లారీ డ్రైవర్లు అందరూ ఒకే బల్ల మీద కూర్చుని తినే చోటు అది, ఆ రూలు వల్లే అట్లా ఉంది, అట్లాగే ఉండాలి.

ఇప్పుడు తిరుపతి. కొండ మీద మద్యం, మాంసం, పొగాకు నిషేధమని, అలిపిరి దగ్గర ప్రతి బండినీ తనిఖీ చేస్తారని అందరికీ తెలుసు. కింద ఊళ్ళో కూడా రైల్వే స్టేషన్ నుంచి అలిపిరి దాకా భక్తులు నడిచే దారిలో బార్లు పెట్టకూడదన్న నిబంధన ఉంది. అది నాకు పూర్తిగా సమ్మతమే. బయట నుంచి దర్శనానికి వచ్చే ఫ్రెండ్స్‌కు నేను చెప్పేది కూడా ఒకటే, దర్శనం, పార్టీ ఒకే ట్రిప్పులో కలపొద్దు, వేరే వారం రండి, నేనే తీసుకెళ్తా. నా ఫిర్యాదల్లా మిగతా ఊళ్ళో ఉన్న బార్ల నాణ్యత మీదే.

ఈ మధ్య నలుగురం కలిసి వెళ్ళిన ఒక ఏసీ బార్ అండ్ రెస్టారెంట్ గురించి చెప్తా, పేరు వద్దు, ఎందుకంటే ఇది ఆ ఒక్కదాని కథ కాదు. లోపల లైట్లు ఎంత తగ్గించారంటే మెనూ చదవడానికి ఫోన్ టార్చ్ వేయాల్సి వచ్చింది. మైల్డ్ బీరుందా అని అడిగితే 'స్ట్రాంగే సార్, అందరూ అదే తాగుతారు' అన్నాడు. సరే తెమ్మన్నాం. కూలింగ్ లేదు. అడిగితే గ్లాసులో ఐసు ముక్కలేసి తెచ్చాడు! బీరులో ఐసు వేస్తే గ్యాస్ అంతా ఒక్కసారిగా పొంగిపోయి, ఐదు నిమిషాల్లో నీళ్ళ బీరు మిగులుతుంది. చికెన్ సిక్స్టీఫైవ్ చేతికి ఎర్రరంగు అంటుకునేలా వచ్చింది. మేము అడగని పల్లీలు, కీరా ముక్కలు టేబుల్ మీద పెట్టి బిల్లులో మంచింగ్ అని వేశారు. అన్నిటికంటే నాకు బాధనిపించింది వేరే, మాతో ఒక ఫ్రెండ్ భార్య కూడా వచ్చింది, ఆమెకు బీరు అక్కర్లేదు, ఊరికే అందరితో కూర్చుని తినాలనుకుంది, కానీ తలుపు తీసిన దగ్గర్నుంచి హాలంతా ఆమెనే చూస్తుంటే ఎక్కువసేపు కూర్చోలేక లేచి వచ్చేశాం. లైట్లు వేసి, గట్టిగా అరిచేవాళ్ళను సర్దిచెప్పి, శుభ్రమైన బాత్‌రూమ్ ఒకటి పెడితే సగం సమస్య తీరుతుంది. దానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు.

స్ట్రాంగ్ బీరు మీద నాకెందుకింత పట్టుదల అంటే, అది మన తిండితో అస్సలు పొసగదు. తిండి, పానీయాల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్కలో ఆల్కహాల్ 5 శాతం దాటి 8 శాతం దాకా ఉన్న బీరు స్ట్రాంగ్. ఆల్కహాల్ పెరిగేకొద్దీ నాలుక మీద మిర్చి మంట కూడా పెరుగుతుంది, బీరులో చేదు ఎక్కువైనా అంతే. రాయలసీమ కారం తిని స్ట్రాంగ్ బీరు తాగితే మంట తగ్గదు, తగ్గించుకుందామని ఇంకో గుక్క, ఇంకో సీసా, చివరికి కూర రుచీ గుర్తుండదు, బీరు రుచీ గుర్తుండదు. ఆ 650 మిల్లీలీటర్ల సీసాను తొందరగా కిక్కు ఎక్కాలని తాగేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. తిండి కోసం తాగేవాళ్ళకు మాత్రం కారానికి కావలసింది చేదు తక్కువ, కొంచెం తీపి వాసన, బాగా గ్యాస్ ఉన్న తేలిక బీరు. ఆ గ్యాసే నాలుక మీది నూనెను కడిగేస్తుంది.

అదే గోధుమ బీరు. దాని కోసమే మా గ్యాంగ్ బెంగళూరు దాకా పోతుంది.

చిత్తూరు నుంచి బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు. పలమనేరు, నంగలి, ముళబాగిలు, కోలారు, హోస్కోటె మీదుగా దారి. కారు తీసుకుని మాత్రం పోవద్దు, దయచేసి. తాగి తిరుగు ప్రయాణంలో రాత్రిపూట మొగిలి ఘాట్ దిగడమంటే ప్రాణాలతో ఆట, అక్కడ ఎన్ని ప్రమాదాలు జరిగాయో మా వైపు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఆర్టీసీ బస్సెక్కండి. మెజెస్టిక్ బస్టాండ్ దాకా పోయి ట్రాఫిక్‌లో నలగాల్సిన పనిలేదు, కేఆర్ పురం దగ్గర టిన్ ఫ్యాక్టరీలో దిగి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే కొన్ని స్టేషన్లు దాటగానే ఇందిరానగర్. 2023లో మెట్రోలో ఈ ముక్క కలిసినప్పటి నుంచి మాకు ప్రయాణం చాలా తేలికైపోయింది. రాత్రికి అక్కడే ఎవరైనా ఫ్రెండ్ రూమ్‌లో పడుకుని పొద్దున బస్సుకు వచ్చేయడం ఉత్తమం.

ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో మేము వెళ్ళేది టాయిట్ అనే పబ్. 2010 నుంచి ఉంది, బీరు అక్కడే కాస్తారు, పెద్ద పెద్ద రాగి రంగు, స్టీలు ట్యాంకులు చూస్తూ తాగొచ్చు. మొదటిసారి పోయేవాళ్ళు నేరుగా పెద్ద గ్లాసు చెప్పకుండా ముందు శాంపిల్ రుచి చూడండి. నాకు ఇష్టమైనవి రెండు. ఒకటి వైస్, జర్మన్ పద్ధతి గోధుమ బీరు. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే అరటిపండు, దాని వెనకాల కొంచెం లవంగం వాసన వస్తుంది. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు, ఆ రెండూ బీరును పులియబెట్టే ఈస్ట్ నుంచే పుడతాయి. ఇంకొకటి టిన్‌టిన్, బెల్జియం పద్ధతి విట్ బీరు. అందులో మాత్రం నిజంగానే నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. ఈ రకం బీరు ఒకప్పుడు బెల్జియంలో దాదాపు అంతరించిపోతే, హూగార్డెన్ అనే ఊళ్ళో పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో మళ్ళీ కాయడం మొదలుపెట్టి బతికించాడు. మన నాటుకోడి మసాలాలో మొదటి దినుసు ధనియాలే కదా, అందుకే ఆ బీరు గుక్క వేసిన ప్రతిసారీ నాకు బంగారుపాళ్యం రోడ్డు పులుసే గుర్తొస్తుంది.

రెండు బీర్లూ మబ్బుగా ఉంటాయి, వడకట్టరు కాబట్టి. కొత్తవాళ్ళు అది చూసి పాడైపోయిందనుకుంటారు, కాదు, అదే దాని లక్షణం. పైన తెల్లటి నురుగు రెండు వేళ్ళ మందాన నిలబడి, తాగేకొద్దీ గ్లాసు లోపలి గోడకు గీతలు గీతలుగా అంటుకుంటుంది. గ్లాసు శుభ్రంగా కడిగారా లేదా తెలుసుకోవడానికి కూడా ఇదే గుర్తు, నూనె జిడ్డు ఉన్న గ్లాసులో నురుగు నిమిషంలో చచ్చిపోతుంది. ఆల్కహాల్ 5 శాతం అటూ ఇటూ, కాబట్టి రెండు గ్లాసులు తాగి కూడా మాట్లాడుకోవచ్చు. టేబుళ్ళ దగ్గర ఆడవాళ్ళు, అమ్మానాన్నలతో వచ్చినవాళ్ళు, ఒంటరిగా పుస్తకం పెట్టుకుని కూర్చున్నవాళ్ళు, ఎవరి పాటికి వాళ్ళు. మా ఊళ్ళో నేను కోరుకునే వాతావరణం సరిగ్గా అదే.

తిండి దగ్గరకొస్తే ఆ రోడ్డు మొత్తంలో నాకు సమస్యే. పిజ్జాలు, వింగ్స్, నాచోస్, అన్నీ బాగానే ఉంటాయి, కానీ ఆ బీరుకు సరిజోడు అవి కావు. అంత మంచి విట్ బీరు చేతిలో పెట్టుకుని నేను ఊరుబిండి కోసం వెతుక్కుంటుంటా. ఖర్చు కూడా తక్కువేం కాదు, ఇక్కడ ఇద్దరు కడుపునిండా సంగటి తిన్నంత డబ్బుకు అక్కడ దాదాపు ఒక గ్లాసు బీరు వస్తుంది. శనివారం సాయంత్రమైతే ఆ వీధిలో ఎక్కడికి పోయినా టేబుల్ కోసం నిలబడాలి, మధ్యాహ్నం పన్నెండున్నరకే పోయి కూర్చోవడం మేలు.

అక్కడి బీరును సీసాలో పోయించుకుని ఊరికి తెచ్చుకుందామా అని మా వాళ్ళలో ఒకడికి ఆలోచన వచ్చింది. వద్దు. పక్క రాష్ట్రం మద్యం మన దగ్గరికి తెస్తే ఎక్సైజ్ కేసు, పైగా వడకట్టని తాజా బీరు మే నెల బస్సులో నాలుగైదు గంటలు ఉంటే ఇంటికొచ్చేసరికి తాగడానికి పనికిరాదు.

అందుకే మూడో దారి, మిద్దె. మాకు అసలైన పార్టీ ఇదే అని నేను గట్టిగా చెప్తా. ఆదివారం మధ్యాహ్నం హోటల్ నుంచి నాటుకోడి పులుసు, వేపుడు పార్సిల్ తెచ్చుకుంటాం, సంగటి మాత్రం ఇంట్లోనే చేసుకుంటాం, పార్సిల్ సంగటి వద్దే వద్దు. బీరు వైన్ షాపు నుంచి. 2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడిపిన ఆ ఐదేళ్ళలో తెలిసిన బ్రాండ్ల కోసం ఎంత తిరిగినా దొరికేవి కాదు, 2024 అక్టోబరు 16 నుంచి మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాక ఆ విషయంలో పరిస్థితి మెరుగైంది. గోధుమ బీరు కనపడితే అది, లేకపోతే ఏదైనా మైల్డ్ లాగర్, అంటే మామూలుగా దొరికే పసుపు రంగు తేట బీరు.

కొనేటప్పుడు నేను తప్పకుండా చూసేవి చెప్తా. లేబుల్ మీద తయారీ తేదీ. మన దగ్గర సీసా బీరుకు మామూలుగా ఆరు నెలల గడువు రాస్తారు, కానీ బీరు ఎంత తాజాగా ఉంటే అంత బాగుంటుంది, నేను మూడు నెలలు దాటిందైతే పక్కన పెడతా. తర్వాత సీసా రంగు. బీరులో చేదు కోసం వేసే హాప్స్ అనే పూలకు వెలుతురు పడదు, ఎండ తగిలితే అందులోని పదార్థాలు మారిపోయి ఒక రకమైన కంపు వస్తుంది. గోధుమరంగు సీసా దాన్ని బాగా అడ్డుకుంటుంది, ఆకుపచ్చది అంతగా కాదు, తెల్ల సీసా అస్సలు కాదు. మా ఊళ్ళ ఎండలకు షాపు ముందు కేసులు కేసులుగా పేర్చి పెట్టిన బీరు కొనొద్దు, లోపల ఫ్రిజ్‌లోంచి తీసిమ్మని అడగండి. 'అన్నా, లోపలిది ఇయ్యన్నా' అంటే ఇస్తారు. డబ్బాలో దొరికితే ఇంకా నయం, వెలుతురు సమస్యే ఉండదు.

ఇంట్లో ఫ్రీజర్లో పెట్టి మర్చిపోకండి, సీసా పగులుతుంది. ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు చాలు. గోధుమ బీరు అయితే గ్లాసు ఏటవాలుగా పట్టుకుని ముప్పావు సీసా నిదానంగా పోసి, అడుగున మిగిలిన దాన్ని సీసాలోనే గుండ్రంగా తిప్పి అప్పుడు పోయాలి, అడుగున పేరుకున్న ఈస్ట్‌లోనే సగం రుచి ఉంటుంది. దాంతో నాటుకోడి వేపుడు తిని చూడండి. మిరియాల ఘాటు, కరివేపాకు, తోలు కింద కొవ్వు, దాని మీద ఒక చల్లటి గుక్క, నోరు శుభ్రమైపోయి రెండో ముక్కకు మళ్ళీ మొదటి ముక్క రుచే వస్తుంది. లాగర్ అయితే ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి చెనిక్కాయలు, ఇంకేం అక్కర్లేదు. పచ్చిపులుసుతో మాత్రం ఏ బీరూ నాకు నచ్చలేదు, చింతపండు పులుపు ముందు అంతా చప్పగా అయిపోతుంది. తాగనివాళ్ళకు మజ్జిగ, వాళ్ళను బలవంతం చేయడం మా మిద్దె మీద నిషిద్ధం.

మా జిల్లాలో ఇంత సరుకు పెట్టుకుని బీరు అక్కడికక్కడే కాసి పోసే ఒక మంచి బ్రూవరీ లేకపోవడం నన్ను బాగా తొలిచే విషయం. దేశంలో మామిడి గుజ్జుకు వాడే కాయల్లో తోతాపురిది పెద్ద పేరు, ఆ తోతాపురికి చిత్తూరు అడ్డా, ఇక్కడ గుజ్జు ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి. సీజన్లో ధర పడిపోతే రైతులు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరసలో రోజుల తరబడి నిలబడుతుంటారు. బెంగళూరు బ్రూవరీల్లో ఎండాకాలం మామిడి బీరు పెడితే జనం క్యూ కడతారు. రాగుల సంగతీ అంతే, సిక్కింలో తొంగ్బా అని రాగులు పులియబెట్టి, వెదురు గొట్టంతో తాగే పానీయం ఉంది, వందల ఏళ్ళ అలవాటు వాళ్ళది. సంగటి తినే మన జిల్లాలో రాగి బీరు ఎవరైనా బుద్ధిగా కాస్తే మొదటి టేబుల్ నాదే. తిరుపతి ఊరి మధ్యలో అక్కర్లేదు, పలమనేరు వైపు హైవే మీద, చల్లటి చోట, కుటుంబాలతో కూర్చునేలా, పక్కనే సంగటి వండే ఒక అక్కతో.

అప్పటిదాకా ఆదివారం పార్సిల్ కావాలంటే పదకొండు లోపే పోయి చెప్పి పెట్టండి. గిన్నె మీరే తీసుకెళ్ళండి, ప్లాస్టిక్ కవర్లో వేడి పులుసు పోయించుకోవద్దు. ముక్కలు తొడ వైపు కావాలంటే ముందే అడగాలి, పన్నెండు దాటితే మెడ, వెన్ను మాత్రమే మిగులుతాయి.